ఏబీఎస్ లైటు గురించి నీకో పొడుగు ఉత్తరం

మామా,

నీ కారు మీటర్‌లో ఏబీఎస్ పసుపు లైటు వెలుగుతోందని నిన్న ఫోన్లో చెప్పావు (ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు). నువ్వు హడావిడిలో ఉన్నావు, నేనూ బజార్లో ఉన్నా, మాట సగంలోనే తెగిపోయింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కాస్త పొడుగే అవుతుంది, చాయ్ పెట్టుకుని చదువు. ముందు అసలు సంగతి చెప్తా. మీ కరీంనగర్ మెకానిక్ ఏబీఎస్ యూనిట్, అంటే బ్రేక్ ఆయిల్ ప్రెజర్‌ను నడిపే పంపు, వాల్వుల పెట్టె, మొత్తం పోయింది, మారిస్తే రూ.50 వేల దాకా అవుతుంది, అంత వద్దనుకుంటే మీటర్‌లో ఆ లైటు వెలగకుండా చేసి పెడతా అన్నాడన్నావు చూడు, ఆ రెండింటిలో దేనికీ ఒప్పుకోకు. పైసలు నీవే కానీ ఆ కార్లో అమ్మ, పిల్లలు కూర్చుంటారు, మేడారం పోయేటప్పుడు తాడ్వాయి అడవి దారిలో ఏ మలుపు అవతల ఏముంటుందో ఎవరికీ తెలియదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా పాత తెల్ల కారుకూ వానాకాలంలో అచ్చం ఇదే గోల. మొదట పసుపు లైటు వచ్చేది, పోయేది. తర్వాత అదే ఉండిపోయింది. దానికంటే ముందు ఇంకో లక్షణం ఉండేది, నీ కారుకు ఉందో లేదో గమనించు: సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగబోతుంటే, పది కిలోమీటర్ల వేగం కూడా ఉండదు, పొడి రోడ్డే, బ్రేకు కూడా మెత్తగానే తొక్కుతున్నా, పెడల్ కాలి కింద గరగరా కొట్టుకునేది, బండి ఆగాల్సిన చోట ఆగకుండా ఓ అడుగు ముందుకు పోయేది. హన్మకొండ చౌరస్తాలో ఆటో వెనక ఆగేటప్పుడు అలా జరిగితే గుండె ఝల్లుమంటుంది. ఇక్కడ ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే వాళ్లూ నీకు చెప్పిందే చెప్పారు, యూనిట్ పోయిందని. ఏ కోడ్ (లోపం ఎక్కడుందో కారు కంప్యూటర్ దాచుకునే నంబరు) వచ్చిందో చూపించండి అని అడిగితే చూపించలేదు. కోడ్ చూపించని చోట బండి వదలకూడదని అప్పుడే బయటికి తెచ్చేశా.

తర్వాత ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, కార్ల వైరింగ్ పనే చేస్తాడు, ఆయన దగ్గరికి తీసుకెళ్లా. ఆయన ఆ కోడ్లు చదివే మంచి స్కానర్ పెట్టాడు. చేతిలో పట్టే చవక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్ వైపు తొంగి కూడా చూడవు, అది గుర్తుపెట్టుకో. ఏబీఎస్ కోడ్లు ఎక్కువగా సి అక్షరంతో మొదలవుతాయి. మాకు వచ్చింది ముందు కుడి చక్రం సెన్సర్ అని. నేనైతే ఇంకేం, సెన్సర్ తెచ్చి వేద్దామంటాడేమో అనుకున్నా. ఆయన అనలేదు. కోడ్‌లో సెన్సర్ అని ఉంటే ఆ చక్రం నుంచి లెక్క సరిగా రావట్లేదని అర్థం, పోయింది సెన్సరేనని కాదు, వైరు కావచ్చు, వైర్లను కలిపే కప్లర్ కావచ్చు, రింగు కావచ్చు, బేరింగ్ కావచ్చు అన్నాడు. నాకు ఆ మనిషి మీద గౌరవం పుట్టింది అక్కడే.

ఇది ఎలా పని చేస్తుందో కాస్త చెప్తా, అప్పుడు నిన్ను ఎవరూ మోసం చేయలేరు. మన పాత కార్లలో చాలావాటికి చక్రం దగ్గర ఒక పళ్ల రింగు ఉంటుంది, దాని ఎదురుగా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ సందుతో సెన్సర్ కూర్చుంటుంది. ఒక్కో పన్ను సెన్సర్ ముందు నుంచి పోయినప్పుడల్లా చిన్న కరెంటు అల పుడుతుంది, ఆ అలలను లెక్కపెట్టి కంప్యూటర్ నాలుగు చక్రాల వేగం తెలుసుకుంటుంది. బ్రేకు తొక్కినప్పుడు ఒక చక్రం వేగం ఉన్నట్టుండి పడిపోయిందంటే అది జారుతోంది, లాక్ అవ్వబోతోంది అని దాని లెక్క. వెంటనే ఆ చక్రానికి పోయే బ్రేక్ ఆయిల్ ప్రెజర్ వదిలి మళ్లీ పట్టిస్తుంది, సెకనులో ఎన్నోసార్లు. కాలికి తగిలే ఆ గరగర అదే. చక్రం లాక్ కాకపోతే స్టీరింగ్ మన మాట వింటుంది, ఏబీఎస్ మనకు ఇచ్చే అసలు రక్షణ అది. తొక్కి పట్టుకునే పక్కకు తిప్పుకోవచ్చు.

సరే, మా బండి కథకు వస్తా. పెద్దాయన కొడుకు స్టీరింగ్ పట్టుకున్నాడు, ములుగు రోడ్డులో మెల్లగా పోతుంటే పెద్దాయన పక్కన కూర్చుని స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం చూస్తున్నాడు, నేను వెనక సీటు నుంచి మెడ చాపి చూస్తున్నా. మూడు చక్రాలు 20 చూపిస్తున్నాయి. నాలుగోది 20, 20, ఉన్నట్టుండి 14, మళ్లీ 20. ఇంకా నెమ్మదిస్తే ఒక్కసారిగా సున్నా. అంటే చక్రం బానే తిరుగుతోంది, లెక్కే తప్పుతోంది.

షెడ్డుకు తెచ్చి జాకీ ఎక్కించి టైరు విప్పి, టార్చి వేసి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పించాడు. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ మీద ఉండే రింగంతా బురద పట్టి ఉంది, మన పత్తి చేల నల్లరేగడి మట్టి, ఎండితే సిమెంటే. దాన్ని బ్రష్‌తో రాలగొడుతూ ఒక్కో పన్ను చూసుకుంటూ పోతే ఒకచోట రెండు పళ్ల మధ్య సన్నని గీత కనిపించింది, వెంట్రుకంత. సుద్దముక్కతో గుర్తు పెట్టి నన్నూ చూడమన్నాడు. రింగు కింద షాఫ్ట్‌కు తుప్పు పట్టి, ఆ తుప్పు ఉబ్బి, లోపలి నుంచి రింగును పగలగొట్టింది. పగిలిన చోట పళ్ల మధ్య సందు పెరిగింది. చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా ఆ సందు దగ్గర కంప్యూటర్‌కు వేగం పడిపోయినట్టు కనిపిస్తుంది, చక్రం లాక్ అవుతోందనుకుని బ్రేకు వదిలేస్తుంది. సిగ్నల్ దగ్గర మన కాలి కింద గరగర అందుకే. యూనిట్ తన పని తాను సక్రమంగానే చేస్తోంది మామా, దానికి అందే కబురే తప్పు.

రింగు విడిగా దొరికింది. ఇక్కడ ఒక జాగ్రత్త, కొత్త రింగు పళ్ల లెక్క పాతదానితో సరిపోవాలి, ఒక్క పన్ను తేడా వచ్చినా ఆ చక్రం వేగం మిగతావాటితో కలవదు. ఆయన రెండిటినీ పక్కపక్కన పెట్టి లెక్కపెట్టాకే పని మొదలుపెట్టాడు. షాఫ్ట్ బయటికి తీసి, తుప్పంతా ఎమెరీ పేపర్‌తో రుద్ది, కొత్త రింగును వేడి చేసి తొడిగాడు, చల్లారగానే బిగుసుకుంది. సుత్తి వాడలేదు. సెన్సర్ మొన తుడిచి, కప్లర్‌లో పచ్చగా పట్టిన చిలుము క్లీన్ చేసి, హబ్ నట్ కొత్తది వేసి బిగించి, కోడ్ తుడిచేశాడు. అన్నీ కలిపి రూ.4 వేలు దాటలేదు. సెన్సర్ పాతదే, ఇప్పటికీ అదే ఉంది.

ఇక నీ కారు సంగతి. పోయిన నెల ముందు ఎడమ చక్రం బేరింగ్ మార్పించానన్నావు, లైటు ఆ తర్వాతే వచ్చిందన్నావు. నాకైతే అనుమానమంతా అక్కడే. నీది మాదానికంటే కొత్త మోడల్, అలాంటి చాలా బండ్లలో పళ్ల రింగు ఉండదు, బేరింగ్ సీల్‌లోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. చూడ్డానికి రెండు వైపులా బేరింగ్ ఒకేలా ఉంటుంది, కానీ ఆ పట్టీ ఉన్న ముఖం సెన్సర్ వైపే రావాలి. తిరగేసి బిగిస్తే బేరింగ్ సాఫీగా తిరుగుతుంది, చప్పుడు రాదు, సెన్సర్‌కు మాత్రం ఏమీ కనిపించదు. ప్రెస్ మిషన్ లేకుండా సుత్తితో కొట్టి ఎక్కించినా ఆ పట్టీ దెబ్బతింటుంది. అసలు పట్టీయే లేని చవక బేరింగ్ వేసినా ఇదే గతి. కాబట్టి కోడ్ ముందు ఎడమ చక్రం అని వస్తే, బేరింగ్ వేసిన మనిషినే పిలిచి విప్పి చూపించమను, గొడవ పడకుండా అడుగు, కానీ గట్టిగా అడుగు.

సెన్సర్ పరీక్ష గురించి కూడా చెప్పాలి. మాలాంటి పాత రకం సెన్సర్ అయితే మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ (కరెంటుకు ఎంత అడ్డు ఉందో ఆ లెక్క) చూడొచ్చు, మామూలుగా వెయ్యి రెండు వేల ఓమ్స్ దగ్గర ఉంటుంది, బండిని బట్టి మారుతుంది కాబట్టి కుడి ఎడమలు పోల్చి చూడటమే మేలు. నీ కారులో ఉండే రకానికి అలా ఓమ్స్ చూసి సెన్సర్ పోయిందని తేల్చకూడదు, దాన్ని స్కానర్‌లో వేగం చూసే పట్టుకోవాలి. ఇంకోటి, మీ ఇంట్లో వడ్ల బస్తాల పక్కనే కారు పెడతావు కదా, ఎలుకలు! బానెట్ కింద, చక్రాల లోపల వైర్లు కొరికాయేమో టార్చి వేసి చూడు. బ్యాటరీ నీరసంగా ఉన్నా ఈ లైటు వస్తుంది, ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు 14 వోల్టుల దగ్గర ఉందో లేదో చూపించు, ఫ్యూజు కూడా. యూనిట్ మీద అనుమానం వీటన్నిటి తర్వాతే. ఒకవేళ నిజంగా యూనిట్టే పోయినా, పాత సామాన్ల షాపులో దొరికిందని ఏదో ఒకటి తెచ్చి పెట్టించకు, నంబరు కలవాలి, చాలావాటికి స్కానర్‌తో కోడింగ్ చేయాలి, పైపులు విప్పాక బ్రేకు ఆయిల్‌లో చేరిన గాలి తీయడానికి కూడా కొన్ని బండ్లకు స్కానర్‌తోనే పంపు ఆడించాలి.

ఈలోపు బండి నడపొచ్చా అంటే, పసుపు లైటు ఒక్కటే వెలుగుతుంటే మామూలు బ్రేకులు పని చేస్తాయి, ఏబీఎస్ లేని కారు అనుకుని దూరం పాటిస్తూ మెల్లగా నడుపు. దాంతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే మాత్రం ఆపెయ్. బ్రేక్ ఆయిల్ తగ్గి ఉండొచ్చు, లేదా ముందు వెనక చక్రాలకు బ్రేకు పంచే ఏర్పాటు కూడా ఆగి ఉండొచ్చు, గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి తిరిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావో గుర్తుందా? రెండేళ్లకోసారి మార్చాలి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఆ తేమే యూనిట్ లోపలి వాల్వులకు తుప్పు పట్టిస్తుంది, అప్పుడు నిజంగానే రూ.50 వేల ఖర్చు.

బల్బు పీకించడం మాత్రం పాపం మామా, నిజంగా చెప్తున్నా. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, అసలు వెలగకపోతే ఎవరో తీసేసి ఉండొచ్చు, లేదా బల్బే పోయి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు నేను మొదట చూసేది అదే. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారంటే ఊరికే చేయలేదు కదా, మన కార్లలో అంతకు ముందే ఉందంటే దాన్ని కాపాడుకోవాలి.

మొన్న గూడెప్పాడ్ దాటాక తుంపర వాన, ఎదురుగా గొర్ల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. గట్టిగా తొక్కి పట్టుకున్నా, పెడల్ గరగరలాడింది, వదల్లేదు, స్టీరింగ్ ఎడమకు తిప్పితే తిరిగింది. ఒక్క గొర్రెకూ తగల్లేదు. కాపరి నన్ను తిట్టాడు, నేను నవ్వుతూనే ఉన్నా. నువ్వూ అంతే, పెడల్ కొట్టుకుంటోందని భయపడి కాలు తీయకు, పాత పద్ధతిలో తొక్కి వదిలి తొక్కడం అసలే వద్దు. ఇంకో జాగ్రత్త, కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు కదా, దాని మీద, కంకర మీద ఏబీఎస్ ఉందని ధీమాగా పోకు, అక్కడ టైరుకు పట్టే దొరకదు, కంకర మీదైతే ఏబీఎస్‌తో ఆగే దూరం పెరుగుతుంది కూడా. ముందే నెమ్మదించడం ఒక్కటే దారి.

ఇప్పుడు చేయాల్సింది ఏంటంటే, శనివారం లోపల ఏబీఎస్ చదివే స్కానర్ ఉన్నచోట కోడ్ తీయించి ఫోటో నాకు పంపు. అక్కడ దొరక్కపోతే ఆదివారం పొద్దున్నే హుజూరాబాద్ మీదుగా మెల్లగా వచ్చెయ్, ఆటోనగర్ పెద్దాయనకు చెప్పి ఉంచుతా, ఆదివారం మధ్యాహ్నం దాకా షెడ్డు తెరిచే ఉంచుతాడు. బేరింగ్ కొన్న బిల్లు, దాని డబ్బా ఉంటే పడేయకుండా తీసుకురా, దాని మీది నంబరు చూస్తే పట్టీ ఉన్న రకమో కాదో అక్కడే తేలిపోతుంది. అమ్మకు నమస్తే చెప్పు, పిల్లల్ని కూడా తీసుకురా, భోజనం మా ఇంట్లోనే.

నీ మామ
హన్మకొండ