మందులను విరగ్గొట్టే నానో పొడిని మన మురుగునీటిలో పరీక్షించాలి

సంపాదకుల వారికి,

నేను తిరుపతి బైరాగిపట్టెడలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టును. నీటిలో కలిసిన యాంటీబయాటిక్‌లను వెలుతురుతో ముక్కలు చేసే నానో మిశ్రమాల (అతి సన్నటి పొడుల) గురించి ఎక్కడ వార్త వచ్చినా ఆశగా చదువుతాను.

పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ నీళ్లు కలిపాక వారమే పనికొస్తుంది. మిగిలిన గులాబీరంగు మందు ఏం చేశారమ్మా అంటే "కాలవలో పోసేసినాం సార్" అంటారు. ఆ తల్లుల తప్పేం లేదు, ఎక్కడ పారేయాలో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. మింగిన మందు చేరేదీ అక్కడికే. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలో సగానికి దగ్గరగా ఏ మార్పూ లేకుండా మూత్రంలో వచ్చేస్తుంది. మామూలు మురుగు శుద్ధి కేంద్రాలను ఈ మందుల కోసం కట్టలేదు. మన రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడు, 2007లో, పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసి వదిలే చోట లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉందని తేల్చారు. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

ఈ నానో మిశ్రమాల్లో వాడే టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి మీద తగిన వెలుతురు పడితే హైడ్రాక్సిల్ రాడికల్స్ అనే చురుకైన కణాలు పుట్టి మందు అణువును విరగ్గొడతాయి. కానీ దానికి అతినీలలోహిత కిరణాలే కావాలి, ఎండలో అవి ఐదు శాతానికి మించవు. కార్బన్, నైట్రోజన్ కలిసిన కార్బన్ నైట్రైడ్ లాంటిది జతచేస్తే కంటికి కనిపించే వెలుతురూ పనికొస్తుంది, వెలుతురు తగిలి పొడిలో లేచిన ఎలక్ట్రాన్ పని చేయకముందే వెనక్కి పడిపోకుండా ఆగుతుంది. ఎంత గొప్ప ఆలోచన!

నా బాధల్లా ఒకటే. ఈ ఫలితాల్లో చాలావరకు డిస్టిల్డ్ వాటర్‌లో ఒకే ఒక మందు కలిపి రాబట్టినవి. అసలు మురుగులో బైకార్బనేట్లు, క్లోరైడ్లు, కుళ్లిన పదార్థం ఆ రాడికల్స్‌ను ముందే మింగేస్తాయి. మన బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర చూసినవాళ్లకు బైకార్బనేట్ల సంగతి వేరే చెప్పాలా? పైగా నీళ్లు మడ్డిగా ఉంటే వెలుతురు లోపలికే పోదు. మందు కనబడకుండా పోయినంత మాత్రాన పని అయిపోలేదు, విరిగిన ముక్కల్లో కొన్నిటికి బ్యాక్టీరియా మీద ప్రభావం మిగలవచ్చు. శుద్ధి చేసిన నీటిని బ్యాక్టీరియా మీద వేసి చూడాలి, ముక్కలు పూర్తిగా పోయాయో లేదో తెలియడానికి అందులో ఎంత సేంద్రియ కార్బన్ మిగిలిందో కొలవాలి. నానో పొడి నీళ్లతో కొట్టుకుపోతే అదింకో కాలుష్యం, కాబట్టి గాజు పలకల మీద పూతగా వేసి చూడాలి.

ఎస్వీ యూనివర్సిటీ, ఐఐటీ, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ మూడూ మనకు అందుబాటులోనే ఉన్నాయి. ఎండకు కొదవ లేదు. తూకివాకం శుద్ధి కేంద్రం నీటిని, పెద్దాసుపత్రుల మురుగును పరిశోధకులకు క్యాన్లలో అందించే ఏర్పాటు నగరపాలక సంస్థ చెయ్యాలి. ఫలితం బాగున్నా బాగోలేకపోయినా మీ జిల్లా పేజీలో వెయ్యండి.

అంతవరకు మిగిలిపోయిన మందులు వేసే డబ్బా మా షాపులో పెట్టడానికి నేను సిద్ధం. వాటిని తీసుకెళ్లి పద్ధతిగా కాల్చేయించే బాధ్యత నగరపాలక సంస్థ తీసుకుంటే చాలు.

— ఒక ఫార్మసిస్టు, బైరాగిపట్టెడ, తిరుపతి