ఫైనల్ మధ్యలో యాడ్స్ ఆపించండి సార్: టీవీ ప్రసారాలు చూసే అధికారి గారికి బహిరంగ లేఖ

సార్, నమస్కారం.

మా ఇంట్లో అందరం కలిసి టీవీ ముందు కూర్చునేది ఒలింపిక్స్ అప్పుడే, మిగతా రోజుల్లో ఎవరి ఫోన్ వాళ్ళదే. 2021లో టోక్యో హైజంప్ ఫైనల్ గుర్తుందా, ఖతార్ ఆటగాడు బర్షిమ్, ఇటలీ ఆటగాడు టాంబెరి ఇద్దరూ 2.37 మీటర్ల దగ్గర సమానంగా ఆగిపోతే ఇద్దరికీ గోల్డ్ ఇవ్వొచ్చా అని బర్షిమ్ అడగడం, వెంటనే ఇద్దరూ వాటేసుకోవడం... మా నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, ఇంకో చేత్తో నా చెయ్యి మాత్రం వదల్లేదు.

మరి 2024 పారిస్‌లో 100 మీటర్ల ఫైనల్, అమెరికా రన్నర్ లైల్స్, జమైకా రన్నర్ థాంప్సన్ ఇద్దరికీ 9.79 సెకన్లే, తేడా సెకనులో వెయ్యింట 5 వంతులు, గెలిచిందెవరో తేలకముందే మేం చూసే ఛానల్‌వాళ్ళు యాడ్ వేసేశారు! పిల్లలు ఎవరు ఎవరు అని అరుస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రిజల్ట్ వచ్చేదాకా యాడ్ వెయ్యకూడదని రూల్ పెట్టండి సార్. తర్వాత వేసే రీప్లే మాకొద్దు, అందరం కలిసి లైవ్‌లోనే చూడాలి.