కాలువ చివరి మడి నుంచి నీటిపారుదల మంత్రి గారికి

గౌరవనీయులైన తెలంగాణ నీటిపారుదల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక పల్లె. నాలుగున్నర ఎకరాల పొలం ఉంది కానీ ఒక్కచోట లేదు. పంపకాల్లో ఎకరం చెరువు కింద, రెండెకరాలు కాలువ చివర, ఎకరంన్నర బోరు కింద వచ్చింది. మూడు చోట్లా వేసేది ఒకటే విత్తనం. ఎరువు ఒకే దుకాణంలో తెస్తాం. నాటు వేసేది కూడా మా వాడకట్టు ఆడవాళ్ళే. అయినా కోత రోజున హార్వెస్టర్ నుంచి ట్రాక్టరులో పడే ఒడ్లు మూడు చోట్లా ఒక్కలా ఉండవు. పోయిన యాసంగిలో (రబీలో) బోరు కింద ఎకరానికి 26 క్వింటాళ్ళు వచ్చాయి. చెరువు కింద 21. కాలువ కింద 15 దాటలేదు.

మూడింటిలోకీ ఎక్కువ నీళ్ళు తాగింది ఆ కాలువ కింది పొలమే. అన్నింటికంటే తక్కువ పండింది కూడా అదే. ఇది ఎందుకు ఇట్లా జరుగుతుందో మీకు చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాలువ సంగతి ముందు చెప్తాను. జనవరి మొదటి వారంలో నీళ్ళు వదులుతారని పేపర్లో చూసి, డిసెంబరు 5న నారు పోశాం. తూముల దగ్గర ఉన్నవాళ్ళకు చెప్పినట్టే నీళ్ళు వచ్చాయి. మా మైనరు (పిల్ల కాలువ) చివరికి వచ్చేసరికి జనవరి 20 అయింది. అప్పటికి నారు వయసు 46 రోజులు. మేం వేసింది 120 రోజుల రకం. అటువంటి రకానికి 25 రోజుల నారు నాటాలి, మహా అంటే 30. ముదిరిన నారు పీకుతుంటే వేళ్ళు తెగి చేతికొచ్చాయి. కణుపులు కనబడుతున్నాయి. అట్లాంటి నారు పొలంలో పిలకలు పెట్టదు. కుదురుకు నాలుగు మొక్కలకు బదులు ఏడెనిమిది పెట్టించాం, విత్తనం డబుల్ అయింది. అయినా బోరు కింద ఒక్కో కుదురుకు ఇరవై దాకా పిలకలుంటే, ఇక్కడ పదో పన్నెండో.

ఆలస్యం అక్కడితో ఆగదు. ఈనిక (కంకి బయటికి రావడం) ఏప్రిల్‌లోకి జరిగింది. వరి పూత మీద ఉన్నప్పుడు ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చిపోతుంది, గింజ కట్టదు. మా దగ్గర ఏప్రిల్‌లో 40 మామూలు. కంకి పైకి పచ్చగానే కనబడుతుంది, చేత్తో నలిపితే సగం తాలు. మిగిలిన గింజ కూడా ఆ ఎండకు లోపల పగిలి, మిల్లుకు పోతే నూకలవుతుంది. యాసంగి ఒడ్లకు నూక ఎక్కువ అని, బాయిల్డ్‌కే (ఉప్పుడు బియ్యానికే) పనికొస్తాయని మిల్లర్లు అంటారు. కేంద్రం బాయిల్డ్ రైస్ తీసుకోనన్నప్పుడు ఎంత గొడవైందో మీకు తెలుసు. ఆ నూకలో కొంత వాటా ఆలస్యంగా వచ్చిన కాలువ నీళ్ళది కూడా. నవంబరులో నారు పోసి, డిసెంబరులో నాటుకునేలా నీళ్ళు వస్తే కోత ముదురు ఎండల కంటే ముందే అయిపోతుంది. రాళ్ళ వాన భయం కూడా తగ్గుతుంది.

ఇక నీళ్ళు వచ్చాక జరిగేది చెప్తాను. ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో ఒక వారం నీళ్ళు ఉంటాయి, తర్వాతి వారం బందు. కాగితం మీద ఇది మంచి పద్ధతే, నేను కాదనను. కానీ మా చివరన బందు వారం ఎనిమిది రోజులకు ముగుస్తుందో, పద్దెనిమిది రోజులకు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియనప్పుడు రైతు ఏం చేస్తాడు? వచ్చిన రాత్రే మడి నిండా పెట్టుకుంటాడు. గట్లు ఎత్తు చేసి జానెడు నీళ్ళు నిలబెట్టుకుంటాడు. నేనూ అదే చేశాను. ఎకరంలో ఒక్క అంగుళం నీళ్ళు నిలబడ్డాయంటే అవి లక్ష లీటర్ల పైమాటే. వరికి అంత లోతు అక్కర్లేదని నాకూ తెలుసు. భయంతో పెట్టిన ఆ నీళ్ళలో ఎక్కువ భాగం ఇంకిపోతాయి, లేదా గట్టు తెగి కింద వాగులో కలుస్తాయి.

యూరియా సంగతి ఇంకో బాధ. పిలక దశలో యూరియా చల్లాలంటే మడి బురద పదునులో ఉండాలి. నీళ్ళు లేక పది రోజులు ఆగి చల్లితే ఆ మందు పిలకకు అందదు. నీళ్ళు వచ్చాయని గబగబా చల్లితే, మా దగ్గర మడి నుంచి మడికే పారకం కాబట్టి, పై మడికి వేసిన యూరియా కింది మడిలోకి పోతుంది. మా పై మడి పసుపు పచ్చగా ఉండి, కింద పక్కవాళ్ళ మడి నల్లగా నిగనిగలాడుతుంటే చూసి కడుపు తరుక్కుపోయింది. ఖర్చు నాది, పంట ఇంకొకరిది. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

బోరు కింద ఈ టెన్షన్లు లేవు. నారు 25 రోజులకు పీకాం. రెండంగుళాల నీళ్ళు పెట్టి, అవి ఇంకి నేల సన్నగా నెర్రెలు విచ్చే దాకా ఆగి, మళ్ళీ పెట్టాం. శాస్త్రవేత్తలు చెప్పే తడి పొడి పద్ధతి ఇదే. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి మడిలో పాతి, అందులో నీళ్ళు నేల మట్టం నుంచి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్ళీ తడి పెట్టాలి. పూత సమయంలో మాత్రం ఆరనివ్వకూడదు. ఇట్లా చేస్తే నాలుగో వంతు దాకా నీళ్ళు మిగులుతాయి, వేర్లు లోతుకు పోతాయి. కాలువ రైతులకు కూడా ఈ పద్ధతి నేర్పాలని మీటింగులు పెడతారు. కాలువ రైతుకు పద్ధతి తెలియక కాదు సార్. రేపు నీళ్ళొస్తాయన్న నమ్మకం ఉన్నవాడే ఇవాళ మడి ఆరబెట్టగలడు.

అట్లాగని అందరికీ బోర్లే దారి అని నేను అనను. మా మోటరు 5 హెచ్‌పీది. గంటకు 3.7 యూనిట్లు అనుకుంటే, రోజుకు పది గంటల చొప్పున వంద రోజులకు 3,700 యూనిట్లు. ఎకరంన్నరలో వచ్చిన 39 క్వింటాళ్ళ ఒడ్లకు లెక్కేస్తే క్వింటాలుకు దాదాపు 95 యూనిట్ల కరెంటు. ఉచిత కరెంటు కాబట్టి నా జేబులోంచి ఒక్క రూపాయి పోవడం లేదు, 2018 జనవరి 1 నుంచి అది 24 గంటలూ వచ్చాక రాత్రి పూట పొలానికి పోయి పాము కాటుకు బలయ్యే బాధ తగ్గింది. దానికి ఎప్పుడూ రుణపడి ఉంటాం. కానీ ఆ కరెంటు ఎవరో ఒకరు కొని ఇస్తున్నారు. పైగా మాది రాతి నేల. మార్చి వచ్చేసరికి బోరు గ్యాప్ ఇస్తుంది, పది నిమిషాలు పోసి పది నిమిషాలు ఆగుతుంది. ఆటో స్టార్టర్ పెట్టినవాళ్ళ మోటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. పక్క చేనులో కొత్త బోరు పడిందంటే మా బోరులో ధార సన్నబడుతుంది. మా బాపు మూడు బోర్లు వేయిస్తే రెండింట్లో నీళ్ళు పడక దుబ్బ లేచింది. ఆ అప్పు తీరడానికి ఆరేళ్ళు పట్టింది.

చెరువు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. నీళ్ళు కళ్ళ ముందే కనబడతాయి. దసరా నాటికి మత్తడి దుంకిందా (చెరువు నిండి అలుగు పారిందా) లేదా చూస్తే యాసంగికి ఎన్ని ఎకరాలు పారుతుందో ఊళ్ళో అందరికీ తెలుస్తుంది. కట్ట మీద కూర్చుని తైబందీ, అంటే ఎన్ని ఎకరాలకు నీళ్ళు పారించాలన్నది, మాట్లాడుకుంటారు. నా చిన్నప్పుడు మా ఊరి నీరటి (మడులకు నీళ్ళు పంచే మనిషి) పొద్దున్నే చెప్పులు విడిచి మడిలో కాలు పెట్టి, మడమ ఎంత దిగిందో చూసి ఈ మడికి ఇవాళ నీళ్ళు వద్దు, ఎల్లుండి అనేవాడు. ఆయన మాట మీద ఎవరూ ఎదురాడేవాళ్ళు కాదు. కరువు ఏడాది ముందు చివరి మడి పారించి, తర్వాత తూము దగ్గరికి వచ్చేవాడు. ఇప్పుడు ఆ మనిషి లేడు, ఆ పని చేసేవాళ్ళూ లేరు. తూము షట్టరు తుప్పు పట్టి సగంలో ఇరుక్కుపోతే, మేమే గోనె సంచుల్లో మట్టి, గడ్డి కుక్కి నీళ్ళలో మునిగి అడ్డం పెడుతున్నాం. రాత్రి సంచి జరిగితే తెల్లారేసరికి నీళ్ళన్నీ వాగులో ఉంటాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా చెరువులో పూడిక తీశారు, ఆ ఒండ్రు మట్టి తోలుకున్న చేలకు రెండేళ్ళు ఎరువు సగం సరిపోయింది. అయితే పూడిక తీసిన చెరువుకు తూము కూడా బాగుండాలి కదా.

చెరువు చేసే ఇంకో మేలు ఏ లెక్కలోనూ రాదు. చెరువు నిండిన ఏడాది కట్ట కింద బావులు, బోర్లు ఏప్రిల్ దాకా ఎండవు. మా బోరు కూడా చెరువుకు అర కిలోమీటరు దూరమే. 26 క్వింటాళ్ళలో ఆ చెరువు వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? రామప్ప, పాకాల, లక్నవరం కట్టిన కాకతీయుల కాలంలో గొలుసుకట్టుగా చెరువులు కట్టింది అందుకే, ఒక దాని మత్తడి నీళ్ళు ఇంకో దానికి.

ఇక మీ శాఖ లెక్క ఒకటి ఉంది. ఒక టీఎంసీకి (వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళకు) పదివేల ఎకరాలు అని సభల్లో వింటుంటాం. ఒక టీఎంసీని పదివేల ఎకరాలకు పంచితే ఎకరంలో రెండు అడుగుల పైన కొంచెం లోతు, అంటే దాదాపు 70 సెంటీమీటర్లు వస్తుంది. యాసంగిలో వాన ఉండదు. దమ్ము చేసిన దగ్గర నుంచి కోత దాకా మా చలక నేలల్లో వరికి 120 సెంటీమీటర్లకు తక్కువ కాదు, కాలువలో ఇంకిపోయేది వేరే. ఆ లెక్క నీళ్ళు నిలబెట్టకుండా అప్పుడప్పుడు తడిపే ఆరుతడి పంటలకు సరిపోతుంది. చాలా కాలువల డిజైన్ కూడా కొంత తరికి (వరికి), కొంత ఆరుతడికి అని విడదీసి చేసిందే. ఇప్పుడు మొదటి మైలు నుంచి చివరి దాకా అంతా వరే. మొదటివాడు జానెడు నీళ్ళు నిలబెట్టుకుంటే చివరివాడికి మిగిలేది కాలువలో బురద. మాకు ఎన్ని ఎకరాలు పారిందని రిజిస్టర్లో రాసుకుంటారు, ఎన్ని రోజులు ఆలస్యంగా పారిందని ఏ రిజిస్టర్లోనూ ఉండదు. నా ఎకరంలో పదకొండు క్వింటాళ్ళు పోయింది ఆ రాయని రోజుల్లోనే.

అందుకే మిమ్మల్ని కోరేది ఇది. యాసంగి నీళ్ళ తేదీ, ఆన్ ఆఫ్ తేదీలు ఒక్కో మైనరుకు నవంబరు మొదటి వారంలోనే ప్రకటించండి. నీళ్ళు సరిపోవనుకుంటే సరిపోవని అప్పుడే చెప్పండి, మేం మక్కనో పెసరో వేసుకుంటాం. నాటు పెట్టాక చెప్పకండి. మొదటి తడి చివరి నుంచి ఇప్పించండి. ప్రతి మైనరు చివర సిమెంటు గోడకు ఒక కొలత గీత గీయించి, రోజూ ఎంత నీళ్ళు చేరాయో కాలువ కాపలా చూసే లష్కరు చేత రాయించండి. వానాకాలంలో వరద వచ్చినప్పుడే కాలువ నీళ్ళతో చెరువులు నింపండి. యాసంగిలో కాలువ ఆలస్యమైనా చెరువు, దాని కింద బోర్లు ఆ పది పదిహేను రోజులు పంటను కాపాడతాయి. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చినప్పుడు మా ఊళ్ళో రైతులే కూర్చుని వంతులు రాసుకున్నారు, ఆ సంఘాలను మళ్ళీ బతికించండి. తడి పొడి పైపులు ఆ తర్వాత పంచండి, మా మడిలో మేమే పాతుకుంటాం.

మా ఊళ్ళో నవంబరు 15 నుంచి నారుమళ్ళు దున్నడం మొదలవుతుంది. ఈసారి మా మైనరు చివరికి నీళ్ళు చేరే తేదీ ఆ రోజుకల్లా మా పంచాయతీ గోడ మీద రాయించగలరా? ఆ తేదీ నుంచి 25 రోజులు వెనక్కి లెక్కేసుకుని నారు పోసుకుంటాం.

ఇట్లు,
కాలువ చివరి ఆయకట్టు రైతు,
ఉమ్మడి వరంగల్ జిల్లా