కెమెరాల కంటే ముందు ఆ గోడల సంగతి చూడండి మంత్రి గారూ

మున్సిపల్ శాఖ మంత్రి గారికి నమస్కారం.

పార్కులోనో సబ్‌వేలోనో ఏదైనా ఘోరం జరగ్గానే మీ అధికారులు గోడ ఎత్తు పెంచుతారు, ఒక గేటు మూసేస్తారు, నాలుగు సీసీ కెమెరాలు పెడతారు. కానీ సార్, గోడ పెరిగితే లోపల ఏం జరుగుతుందో రోడ్డు మీద పోయేవాళ్ళకి కనపడదు, గేటు మూస్తే భయపడ్డ మనిషికి బయటపడే దారి ఉండదు, ఇక కెమెరా అంటారా, అది జరిగాక చూసుకోడానికే ఎక్కువ పనికొస్తుంది.

న్యూయార్క్‌లో బ్రయంట్ పార్క్ అని ఉంది, 1970ల్లో అది డ్రగ్స్ అమ్మేవాళ్ళ అడ్డా. రోడ్డు కంటే ఎత్తులో, చుట్టూ కంచె, దట్టమైన పొదలు, లోపలికి దారులు తక్కువ, అంటే తప్పు చేసేవాడికి కావాల్సినవన్నీ డిజైన్‌లోనే ఉన్నాయి. 1988లో మూసి పొదలు తగ్గించారు, కొత్త దారులు తెరిచారు, లైట్లు పెట్టారు, ఎవరిక్కావాల్సిన చోటికి వాళ్ళు జరుపుకునే కుర్చీలు వేశారు. 1992లో తెరిచాక జనం తిరిగొచ్చారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. సెక్యూరిటీ కూడా పెట్టారు నిజమే, కానీ మధ్యాహ్నం అక్కడ కూర్చుని తినే వందల మందే అసలు కాపలా.

వియన్నాలో తొమ్మిదేళ్ళు దాటిన ఆడపిల్లలు పార్కులకి రావడం బాగా తగ్గిపోతోందని గమనించి 1999లో రెండు పార్కుల డిజైన్ మార్చారు, పెద్ద మైదానాన్ని మగపిల్లలే ఆక్రమించకుండా చిన్న భాగాలు చేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కి చోటిచ్చారు, ఆడపిల్లలు మళ్ళీ వచ్చారు.

లైట్ల సంగతి కూడా చెప్పాలి. 2016లో న్యూయార్క్ ప్రభుత్వ ఇళ్ళ సముదాయాల్లో తాత్కాలికంగా లైట్లు పెట్టి చూస్తే, రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు సుమారు 36 శాతం తగ్గాయి. అయితే స్తంభం చెట్టు కొమ్మల పైన ఉంటే వెలుగు ఆకులకే, నడిచేవాళ్ళకి చీకటే, ఇది టెండర్‌లో ఎవరూ రాయరు.

ఇంకో మాట, బెంచీ మధ్యలో ఇనప కడ్డీలు పెట్టి నిద్రపోయేవాళ్ళని తరిమేయడాన్ని భద్రత అనకండి సార్, దానివల్ల ముసలివాళ్ళు కూడా నడుం వాల్చలేరు, ఇల్లు లేనివాళ్ళకి ఇల్లు వచ్చేదీ లేదు.

ఇక నుంచి ఏ పార్కు, సబ్‌వే ప్లాన్ మీద అయినా సంతకం పెట్టే ముందు రాత్రి తొమ్మిదింటికి ఇంజినీర్లతో పాటు ఆ దారిన రోజూ నడిచే ఆడవాళ్ళని తీసుకెళ్ళి నడిపించండి, ఎక్కడ భయమేసిందో వాళ్ళ చేతే ప్లాన్ మీద గుర్తు పెట్టించండి, అవి సరి చేశాకే బిల్లులు పాస్ చేయండి.

ఇట్లు,
రోజూ నడిచి వెళ్ళే ఒక పౌరురాలు