కొత్త జట్టుకు ముందు కావలసింది సిబ్బంది

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ మీద మనమే ఫుట్‌బాల్ క్లబ్బును నడిపే మేనేజ్‌మెంట్ గేముల్లో కొత్త జట్టును ఎలా మొదలుపెట్టాలో చెబుతూ మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఎవరిని కొనాలి, ఎంతలో కొనాలి, ఏ ఫార్మేషన్ ఆడించాలి, అన్నీ వివరంగా ఉన్నాయి. సిబ్బంది దగ్గరికి వచ్చేసరికి మాత్రం మిగిలిన డబ్బుతో ఎవరు దొరికితే వాళ్లను పెట్టుకోమని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఈ మాటతో నేను ఏకీభవించలేను. వృత్తిరీత్యా ఫిజియోథెరపిస్టును. అలాంటి గేముల్లో ఒకటైన ఫుట్‌బాల్ మేనేజర్ చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. కొత్తవాళ్లు ఆ సలహా పాటిస్తే మొదటి సీజన్ చేజార్చుకుంటారని అనిపించి రాస్తున్నాను.

ఆ గేమ్‌లో ఆటగాడి పేరు పక్కన కనిపించే నక్షత్రాల సంగతే తీసుకోండి. అవి ఆటగాడి అసలు సత్తాకు కొలత కాదు, మన సిబ్బందిలో ఒకరి అభిప్రాయం. అసిస్టెంట్ మేనేజరో, కోచో, కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టే స్కౌటో మన జట్టులో ఉన్నవాళ్లతో పోల్చి చెప్పిన అంచనా. గుణాలన్నిటికీ 20కి మార్కులుంటాయి కదా, ఆటగాడి సత్తాను పసిగట్టే గుణం ఆ చెప్పినాయనకు 7 ఉంటే ఆ అంచనాను నమ్మి డబ్బు పెట్టగలమా? పవర్ సరిపోని కళ్లద్దాలతో సూదిలో దారం ఎక్కించబోయినట్టే ఉంటుంది. అందుకే చూడగలిగినవాళ్లను ముందు చేర్చుకుని, కొనుగోళ్లు ఆ తర్వాత పెట్టుకోవాలి. వేరే క్లబ్బులో ఉన్న స్కౌట్‌ను తెచ్చుకోవాలంటే ఆ క్లబ్బుకు పరిహారం కట్టాలి. కాంట్రాక్టు లేనివాళ్లకు ఆ బెడద లేదు. వాళ్లలోనూ మంచివాళ్లు దొరుకుతారు, కాస్త ఓపిగ్గా వెతకాలి.

కోచ్‌ల ఎంపికలో నా పద్ధతి చాలామందికి నచ్చదు. ఇద్దరు దరఖాస్తు చేశారనుకుందాం. మొదటాయనకు అటాకింగ్ (దాడి ఆట నేర్పడం) 16, టాక్టికల్ (వ్యూహాలు నేర్పడం) 15. పట్టుదల 8, క్రమశిక్షణ 6, ఉత్సాహపరిచే గుణం 7. రెండో ఆయనకు అటాకింగ్, టాక్టికల్ రెండూ 13. కానీ ఆ చివరి మూడూ 16కి తగ్గవు. నేనైతే కళ్లు మూసుకుని రెండో ఆయన్నే తీసుకుంటాను. అటాకింగ్ మార్కు అటాకింగ్ శిక్షణకే పనికొస్తుంది. పట్టుదల, క్రమశిక్షణ, ఉత్సాహపరచడం మాత్రం ఆయన ఏ విభాగంలో శిక్షణ ఇచ్చినా లెక్కలోకి వస్తాయి. రేపు డిఫెన్స్‌కు మార్చినా వెంట వస్తాయి. ఇక ఎంత మంచి కోచ్ అయినా అన్ని విభాగాలూ ఒక్కడి నెత్తిన వేయకూడదు, పనిభారం పెరిగితే శిక్షణ నాణ్యత పడిపోతుంది. బోర్డు ఎంతమందికి అనుమతిస్తే అంతమందినీ తీసుకుని పని పంచాలి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది వైద్య సిబ్బంది ఊసే లేకపోవడం. రోజూ నా దగ్గరికి వచ్చే కుర్ర ఆటగాళ్లలో తొడ వెనక కండరం, అదే హామ్‌స్ట్రింగ్ పట్టేసినవాళ్లు చాలామంది ఉంటారు. నడిస్తే నొప్పి లేదు కదా, రేపు మ్యాచ్ ఆడేస్తానంటారు. నడకలో ఆ కండరానికి పరీక్షే లేదు. పూర్తి వేగంతో పరుగెత్తేటప్పుడు కాలు ముందుకు చాచి, పాదం ఇక నేల తాకబోతుందనగా దాని మీద అసలు ఒత్తిడి పడుతుంది. తొందరపడి దిగినవాడికి సరిగ్గా అక్కడే మళ్లీ చిరుగుతుంది. ఒకసారి గాయమైన కండరానికే మళ్లీ గాయమయ్యే ప్రమాదం ఎక్కువ. గేమ్‌లోనూ దీన్ని పట్టించుకున్నారు. గాయాల ముప్పు తగ్గించడం స్పోర్ట్స్ సైంటిస్ట్ పని, అయిన గాయం త్వరగా మాన్పడం ఫిజియో పని. ఈ రెండు కుర్చీలూ ఖాళీగా పెట్టి ఖరీదైన స్ట్రైకర్‌ను తెస్తే అతను సీజన్‌లో సగం బెంచీ మీద కూడా కనిపించడు. అప్పుడు నష్టం ఫిజియో జీతంతో పోయేది కాదు.

ఇదంతా గేమ్‌లో లెక్కలే, నిజం ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లే ముఖ్యం అనేవాళ్లకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మేనేజర్ బ్రయాన్ క్లఫ్ సంగతి చెప్పాలి. 1972లో డెర్బీ కౌంటీ ఆయన చేతిలో ఇంగ్లండ్ లీగ్ గెలిచినప్పుడు పక్కన అసిస్టెంట్‌గా పీటర్ టేలర్ ఉన్నాడు. ఆటగాళ్లను పసిగట్టే కన్ను టేలర్‌ది. 1974లో క్లఫ్ లీడ్స్ యునైటెడ్‌కు వెళ్లాడు, టేలర్ వెంట వెళ్లలేదు. లీడ్స్ అప్పుడే లీగ్ గెలిచిన జట్టు, ఆటగాళ్లకు కొదవే లేదు. క్లఫ్ అక్కడ ఉన్నది 44 రోజులు. లీడ్స్ ఆటగాళ్లతో ఆయనకు పొసగకపోవడం లాంటి కారణాలు వేరే ఉన్నాయి, కాదనను. కానీ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో ఇద్దరూ మళ్లీ కలిశాక 1978లో లీగ్, 1979లోనూ 1980లోనూ యూరప్ క్లబ్బుల అతిపెద్ద పోటీ యూరోపియన్ కప్ వచ్చాయి. ఇప్పటి రోజుల్లో లివర్‌పూల్ క్లబ్ త్రో-ఇన్‌ల (గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసరడం) కోసమే 2018లో ఒక కోచ్‌ను పెట్టుకుంది. పెద్ద క్లబ్బులు సిబ్బందిని ఎంత జాగ్రత్తగా ఎంచుకుంటున్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

మళ్లీ గేమ్‌కు వస్తే, మరో పదవి గురించి కూడా చెప్పాలి. యువ ఆటగాళ్ల విభాగం అధిపతి. అకాడమీకి కొత్త కుర్రాళ్లు ఏడాదికి ఒక్కసారే వస్తారు, వాళ్ల స్వభావం మీద ఆ అధిపతి స్వభావం ప్రభావం ఉంటుంది. ఆ రోజు దాటాక ఎంత మంచి మనిషిని తెచ్చినా మరుసటి ఏడాది దాకా ఎదురుచూడాల్సిందే. నేను అయితే అసిస్టెంట్ తర్వాత ఈయన్నే వెతుకుతాను, పట్టుదల ఉన్న మనిషి దొరికేదాకా సంతకం పెట్టను.

గేములే కదా అని ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా విన్నపం. స్కౌటింగ్ కోసం ఈ గేమ్ డేటాబేస్‌ను వాడుకోవడానికి ఎవర్టన్ క్లబ్ 2008లోనే ఒప్పందం చేసుకుంది. మీ వ్యాసానికి కొనసాగింపుగా సిబ్బంది ఎంపిక మీద ఒక పూర్తి వ్యాసం వేయండి. కోచ్‌లు, స్కౌట్‌ల గురించి మీ రచయిత రాయవచ్చు. ఫిజియో, స్పోర్ట్స్ సైంటిస్ట్‌ల భాగం అడిగితే నేను రాసి పంపుతాను.

ఇట్లు
ఒక ఫిజియోథెరపిస్ట్, మీ పాఠకురాలు