నాన్నగారికి, పేపరు సంగతి

నాన్నగారికి,

నమస్కారాలు. "ఒక్క పేపరు రాయడానికి ఇన్నాళ్ళు ఎందుకమ్మా?" అని మొన్న ఫోన్లో అడిగారు. అమ్మ మాట మార్చేసింది గానీ, దానికి సరైన జవాబు చెప్పాలనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

ఎకనామిక్స్ పీహెచ్‌డీలో మొదటి ఏడాదంతా మాకు క్లాసులు, పరీక్షలే. లెక్క వాళ్ళిస్తారు, జవాబు మేం రాస్తాం. ఆ తర్వాత లెక్క కూడా మేమే తెచ్చుకోవాలి. బాగా చదివేవాళ్ళు కూడా ఇక్కడ ఆగిపోవడం చూశాను. ఇంతవరకు ఎవరికీ తట్టని సిద్ధాంతం ఏదో తమకు తట్టాలని ఎదురుచూస్తారు. నాకు అర్థమైనంతలో కొత్తదనం అక్కడ ఉండదు. అందరూ వాదించుకుంటున్న పాత ప్రశ్నకే, నమ్మనివాడిని కూడా ఆలోచనలో పడేసే పోలిక ఒకటి వెతికి పట్టుకోవాలి.

కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయా అన్నది చాలా పాత తగువు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం దాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండువైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకు ముందూ తర్వాతా సర్వే చేశారు. ఉద్యోగాలు తగ్గిన జాడ కనిపించలేదు. 1994లో అచ్చయిన ఆ పేపరు మీద ఏళ్ళ తరబడి వాదన నడిచింది. 2021లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో కార్డ్ ఒకరు. ఆ పేపరులో అసలు లెక్క ఏమిటంటే, న్యూజెర్సీలో వచ్చిన మార్పులోంచి పెన్సిల్వేనియాలో వచ్చిన మార్పు తీసేయడమే. గొప్పతనమంతా ఆ సరిహద్దును చూడగలగడంలో ఉంది.

ఇంకో కథ, ఇది మీకు తప్పకుండా నచ్చుతుంది. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని 2010లో ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు రాశారు. థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు పనిగా ఆ లెక్కలు మళ్ళీ చేస్తే కుదరలేదు. అడిగితే వాళ్ళు తమ ఎక్సెల్ ఫైల్ పంపారు. సగటు తీసిన ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు పడనేలేదు! కొన్ని సంవత్సరాల లెక్కలు వదిలేయడం, దేశాలకు ఇచ్చిన వెయిటేజీ కూడా కలిశాయి. అవన్నీ సరిచేస్తే, అప్పు 90 శాతం దాటినప్పుడు మైనస్ 0.1 శాతం అన్న సగటు వృద్ధి 2.2 శాతమైంది. 2013లో అది ప్రపంచమంతా వార్త. వోచర్లు ఒక్కొక్కటీ తిప్పి చూసే ఆడిటర్ మీరు, ఆ అబ్బాయి చేసిందేమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. వేరేవాళ్ళ పేపరును మొదటి నుంచి మళ్ళీ కట్టి చూడటం తక్కువ పని అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇక నా పేపరు. కొత్త బస్సు మార్గం వస్తే ఆ పేటలో ఆడవాళ్ళకు ఉద్యోగాలు పెరుగుతాయా అన్నది ప్రశ్న. సెమినార్లో ఒక ప్రొఫెసర్ మొదటి ఐదు నిమిషాల్లోనే ఆపి అడిగారు: బస్సు వచ్చినందుకు ఉద్యోగాలు వచ్చాయా, ఉద్యోగాలు వచ్చేచోటు చూసుకునే బస్సు వేశారా? ఆ ఒక్క ప్రశ్నతోనే నెలలు గడుస్తున్నాయి నాన్నా. బస్సు లేని పేటలతో పోలిస్తే సరిపోదు, అవి మొదటి నుంచీ వేరు. అందుకని మంజూరై కూడా నిధులు ఆలస్యమై ఆగిపోయిన మార్గాలను వెతుకుతున్నాను. ఆ పేటలనూ అధికారులు ఒకే కారణంతో ఎంచుకున్నారు, బస్సు మాత్రం రాలేదు. వాటితో పోలిస్తే వాదన నిలబడుతుందని నా నమ్మకం. అయితే ఆ ఆలస్యానికి నిజంగా నిధులే కారణమా అన్నది పాత ఫైళ్ళు చదివి తేల్చాలి. ఇప్పుడు రోజంతా ఆ పనే. రెగ్రెషన్, అంటే ఒకటి మారితే ఇంకొకటి ఎంత మారుతుందో కంప్యూటర్ మీద తేల్చే లెక్క, నడపడానికి పట్టేది నిమిషం.

ఫలితం సున్నా వస్తే, అంటే బస్సు వల్ల తేడా ఏమీ లేదని తేలితే ఎలా అని టెన్షన్ పడేదాన్ని. పోలిక గట్టిదైతే సున్నా కూడా జవాబే అని మా గైడ్ అంటారు, నాకూ అదే సరైనదనిపిస్తోంది.

ఇంట్రడక్షన్ మొదటి రెండు పేజీలు దీనితో పెడుతున్నాను. ఇంగ్లీషు దిద్దవద్దు. నా మాట నమ్మబుద్ధి కాని చోట పెన్సిల్‌తో గీత గీసి, ఎందుకో పక్కన రాయండి.

అమ్మకు చెప్పండి, వేళకు నిద్రపోతున్నాను.

మీ అమ్మాయి