టర్కీ, సిరియా భూకంప సాయం: ఏం పంపాలి, ఏం వద్దు

16 ఫిబ్రవరి 2023

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆరో తేదీ భూకంపం వార్తలు చూసిన దగ్గర్నుంచీ పిల్లలు బట్టల మూటలు తెస్తున్నారు. మంచి మనసే. అయినా పాత బట్టలు ఇక పంపకండి. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. చీర, నిక్కరు, జత లేని చెప్పు కలిపి కట్టిన మూటను అక్కడ ఎవరో ఒకరు విప్పి, వేరుచేసి, సైజులు చూడాలి. అంత తీరిక వాళ్లకు లేదు.

ఇప్పుడక్కడ రాత్రిళ్లు గడ్డకట్టే చలి. ఆరో తేదీ తెల్లవారుజామున 4:17కి 7.8, మధ్యాహ్నం మళ్లీ 7.5 తీవ్రతతో భూమి కంపించింది. కూలని ఇళ్లలోకి వెళ్లడానికీ జంకి జనం టెంట్లలో, కార్లలో పడుకుంటున్నారు. కనుక కొత్త రగ్గులు ఇవ్వండి, ఉన్నివి గానీ మందపాటి ఫ్లీసువి గానీ. నూలు దుప్పటి, బొంత తడిస్తే ఓ పట్టాన ఆరవు. మనిషికి ఒక్క రగ్గు లెక్క సరిపోదు, కిందకీ ఒకటి కావాలి. నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. టెంటులో కుంపటి పెట్టుకుంటే విషవాయువు, నిప్పు రెండూ భయమే.

ఒక పెట్టెలో ఒకే వస్తువు, ఒకే సైజు పెట్టండి. ఒక మనిషి ఎత్తగలిగేలా బరువు 15 కిలోలు దాటనివ్వకండి. 'పిల్లల స్వెట్టర్లు, 6–8 ఏళ్లు, 20' అన్నట్టు ఇంగ్లీషులో రెండు పక్కలా రాయండి. పెట్టెలు పేర్చాక పైన రాసింది కనబడదు. అడుగున టేపు నడిమి అతుకుతో పాటు రెండు అంచులకూ వేయాలి, అట్ట ముందు అక్కడే విచ్చుకుంటుంది.

మందులు వద్దు. టర్కీలోని ఇస్కెండరున్‌లో మన సైన్యం నడుపుతున్న ఫీల్డ్ ఆసుపత్రి లాంటివి తమకు కావలసినవి తామే తెప్పించుకుంటాయి. పాలపొడీ వద్దు. ఈ మాట కొందరికి మింగుడుపడదని తెలుసు. వాయవ్య సిరియాలో నిరుడు సెప్టెంబరు నుంచీ కలరా ఉంది. మరగని నీళ్లు, సరిగా కడగని పాలసీసా పసిబిడ్డ ప్రాణం మీదికి తెస్తాయి. పైగా డబ్బాపాలు అలవాటైతే తల్లిపాలు తగ్గిపోతాయి.

శిబిరంలో తాగడానికి, వంటకు, ఒంటి శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లని లెక్క. ఐదుగురికి 75, అంటే మన ఇళ్లకొచ్చే 20 లీటర్ల టిన్నులు దాదాపు నాలుగు. బకెట్లో గ్లాసు ముంచినప్పుడల్లా చెయ్యీ మునుగుతుంది, క్లోరిన్ కలిపిన నీళ్లయినా చెడతాయి. మూతి ఇరుగ్గా, మూత బిగుతుగా ఉన్న 10 లీటర్ల క్యాన్లు తీసుకుంటాం.

దెబ్బతిన్న టర్కీ రాష్ట్రాల్లో సుమారు 17 లక్షల మంది సిరియా శరణార్థులున్నారు. యుద్ధానికి ఒకసారి ఇల్లు వదిలినవాళ్లు, ఇది రెండోసారి. వాళ్ల గుర్తింపు కార్డు నమోదైన రాష్ట్రానికే చెల్లుతుంది, మరోచోటికి వెళ్లాలంటే మామూలుగా అనుమతి కావాలి. అందుకే శిథిలాల్లో పోయిన కార్డు వాళ్లకు రగ్గంత ముఖ్యం. ఇక సరిహద్దు అవతల వాయవ్య సిరియాకు ఐక్యరాజ్యసమితి లారీలు మొన్నటిదాకా బాబ్ అల్-హవా ఒక్క దారినే వెళ్లేవి. 13న మరో రెండు దారులకు సిరియా ప్రభుత్వం ఒప్పుకుంది. అటువైపు సాయానికి పెట్టెల కంటే డబ్బే మేలు, అక్కడే పనిచేస్తున్న సంస్థలు దగ్గర్లోనే కొనుక్కుంటాయి.

డబ్బు పిల్లల చేత బడికి పంపకండి, సంస్థకే నేరుగా కట్టండి. వాట్సాప్‌లో తిరిగే క్యూఆర్ కోడ్‌లను నమ్మొద్దు. రసీదు మీద 80జి (విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు) నంబరు ఉందో లేదో చూసుకోండి. నగదు 2000 రూపాయలు దాటితే ఆ మినహాయింపు రాదు.

శనివారం శివరాత్రి సెలవు. సోమవారం నుంచి బుధవారం దాకా ఉదయం 8 నుంచి 9 వరకు ఆఫీసు వరండాలో పెట్టెలు తీసుకుంటాం. ఖాళీ అట్టపెట్టెలున్నా పంపండి, అవే తక్కువ పడుతున్నాయి.

ప్రధానోపాధ్యాయురాలు